సమాచారం మాత్రమే

జూన్ 3

తమ్ముడూ,

ఉత్తరం మొదట్లో అందరం క్షేమమని రాయడం నాకలవాటు. ఈసారి ఆ ముక్క రాస్తే అబద్ధమవుతుంది కాబట్టి దాటేస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం కోర్టు నుంచి ఓ మనిషి వచ్చాడు. నేను మిషను మీద తల వంచుకుని ఒక కోటుకి లోపలి గుడ్డ వేస్తున్నాను. తలుపు కొట్టాడో, గుమ్మంలో నిలబడి పిలిచాడో నాకెలా తెలుస్తుంది? చివరికి బల్లని అరచేత్తో చరిస్తే ఉలిక్కిపడి తలెత్తాను. ఓ కవరు నా ముందుంచి సంతకం పెట్టమని సైగ చేశాడు. జిప్పుల పార్సిలు రావాల్సి ఉందిగా, అదేననుకుని పెట్టేశాను. అతను వెళ్ళాక విప్పి చూస్తే అడుగున మీ బావ సంతకం.

చెల్లి పోయిన ఏడాదిలోపే, "మీరే చూసుకోండి వదినా, నా వల్ల కావడం లేదు" అని మూడేళ్ళ బుల్లిని నా ఒళ్ళో కూర్చోబెట్టి వెళ్ళిన మనిషి. ఐదేళ్ళలో పిల్లకి పలక కొనిచ్చిన పాపాన పోలేదు. ఇప్పుడు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, ఇల్లు కట్టుకున్నాడు, నా బిడ్డని నాకప్పగించండి అని కోర్టుకెక్కాడు. నేను చెవిటిదాన్నట. పిల్ల పిలిస్తే పలకలేనట. అలాంటి దాని దగ్గర బిడ్డ ఉండడం ప్రమాదమట. ఆ మాట అచ్చులో చూశాను. జ్వరమొచ్చి వినికిడి పోయిన రోజు కూడా నేనింత బెంబేలు పడలేదు.

జూలై రెండున కోర్టుకి రమ్మని ఉంది. ఈలోగా 'నిర్ణీత గడువులోగా లిఖితపూర్వకమైన జవాబు దాఖలు చేయవలెను' అని ఇంకో ముక్క ఉంది. ఆ నిర్ణీత గడువేమిటో మాత్రం రాయలేదు. తెలిసినవాళ్ళకి ఎలాగూ తెలుసు, తెలియనివాళ్ళకి ఎందుకులే అనుకున్నారు కాబోలు.

కోర్టు వీధిలో నల్లకోట్లు కుట్టేది నేనొక్కదాన్నే కదా, ప్లీడరు దొరకడం ఎంతసేపు అనుకున్నాను. ఊళ్ళో ప్లీడర్లందరి నడుం కొలతలు నాకు నోటికొచ్చు. ఏటా రెండుసార్లు కోటు వదులు చేయించుకునే బొజ్జ ప్లీడరు దగ్గరికి ముందు వెళ్ళాను. ఆయన పాపం నాకు అర్థం కావాలని నోరంతా తెరిచి, "నేను పొలాల తగాదాలే చూస్తానమ్మా" అన్నాడు. రెండో ఆయన నోటీసు చూస్తూనే మొహం మాడ్చుకున్నాడు. దాన్ని రాసింది ఆయనేనట. ఇవాళ పొద్దున్నే గుమాస్తాని పంపి, నా దగ్గర కుట్టుకిచ్చిన కోటు సగంలోనే వెనక్కి తెప్పించుకున్నాడు. ఒక చెయ్యి లేని కోటుతో ఏ కోర్టుకెళతాడో మరి.

నువ్వుండేది పరాయి రాష్ట్రమైనా పెద్ద ఊరు. అక్కడ ఇలాంటివి తెలిసినవాళ్ళు వీధికొకరుంటారు. ఎవర్నైనా అడిగి నేనేం చేయాలో రాయి. ఫలానా నంబరుకి ఫోను చేయమని మాత్రం రాయకు.

బుల్లికి ఇంకా ఏమీ చెప్పలేదు. మామయ్యకి ఉత్తరం రాస్తున్నానంటే, లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళని ఎలా బయటికి తీస్తాడో అడగమంది.

నీ పెద్దక్క

జూన్ 9

పెద్దక్కకి,

నీ ఉత్తరం లిఫ్టు గోతిలో కూర్చుని చదివాను. కరెంటు తీసేసే దిగానులే, కంగారు పడకు. చదివాక చాలాసేపు పైకి రాలేదు. పైన మేస్త్రి రెండుసార్లు టార్చి వేసి చూశాడు. ఇంతదూరంలో ఉండి నేను నీకు చేయగలిగింది ఏముందా అని తెగ ఆలోచించాను.

ఉంది పెద్దక్కా. ఇక్కడి పెద్ద లైబ్రరీలో, మెట్ల పక్కన, 'ప్రజలకు ఉచిత న్యాయ సమాచారం' అని ఒక కౌంటరు ఉంది. ఆ లైబ్రరీ లిఫ్టుని మూడేళ్ళుగా చూస్తున్నది నేనే, ఆ బోర్డు మాత్రం ఏనాడూ చదవలేదు. అవసరం లేనప్పుడు ఎవరు చదువుతారు? అక్కడ కూర్చునే ఆవిడ కళ్ళజోడుకి తాడు కట్టుకుని మెడలో వేసుకుంటుంది. నేనేది అడిగినా ముందు గోడ మీది అట్ట వైపు వేలు చూపించింది. 'మేము ఇచ్చేది సమాచారం మాత్రమే, సలహా కాదు' అని ఉంది దాని మీద. రెండింటికీ తేడా ఏమిటండీ అంటే, "సమాచారం అందరిదీ. సలహా మీ ఒక్కరిదీ. దానికి ప్లీడరుండాలి" అంది. బానే చెప్పింది. ఏ ఊరి కోర్టు అని కూడా అడిగింది. మన ఊరి పేరు చెబితే ఆవిడకి నోరు తిరగదు, అదెక్కడుంది ఇదెక్కడుంది అని అరగంట పడుతుంది, నాకేమో డ్యూటీ టైమైపోతోంది. ఈ ఊరేనని చెప్పేశాను. వెంటనే లోపలికెళ్ళి చిన్న పుస్తకం తెచ్చిచ్చింది. ఊరికేనే! బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న గొడవ కోర్టుకెళితే ఏం చేయాలో అంతా అందులో ఉంది.

నాలుగు సాయంత్రాలు కూర్చుని మొత్తం మన భాషలోకి రాశాను. కాగితాలు లేక మా సర్వీసు రిపోర్టుల వెనక వైపు రాశాను, ముందు వైపు తలుపు రబ్బర్ల గొడవలుంటాయి, పట్టించుకోకు. అన్నీ దీంతోపాటు పెడుతున్నాను. ముఖ్యమైనవి మళ్ళీ చెబుతా. కాగితం అందిన రోజు నుంచి జవాబు వేయడానికి నీకు నెల రోజుల గడువుంది. కాబట్టి హడావుడి పడి ఎవరి కాళ్ళో పట్టుకోనక్కర్లేదు, నిదానంగా మంచి ప్లీడరుని చూసుకో. అడిగితే కోర్టువాళ్ళే ఉచితంగా ప్లీడరుని ఇస్తారు, ఆ ఆఫీసు కోర్టులోనే ఉంటుందిట. ఇంకోటి, ఇది కింద గీత గీసి మరీ ఉంది: ప్లీడరు చూడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. ఒకసారి పార్సిలనుకుని పెట్టావు, చాలు. ఈసారి ఎవరొచ్చి బతిమాలినా కలం పట్టుకోవద్దు.

బిడ్డకి ఎక్కడ మేలు జరుగుతుందో, బిడ్డకి ఏమిష్టమో కోర్టు చూస్తుందని కూడా ఉంది. కోప్పడకుండా చెప్పు, బుల్లి ఏమంటోంది?

ఇరుక్కున్నవాళ్ళని ముందు మాటల్లో పెడతామని చెప్పు దానికి. బయటికి తీయడం తర్వాత సంగతి.

నీ తమ్ముడు

జూన్ 16

తమ్ముడూ,

నీ కాగితాలు మొన్న అందాయి. రెండుసార్లు చదివాను. ఆ రబ్బర్ల గొడవ కూడా చదివాను, నాలుగో అంతస్తు తలుపు ఇంకా బాగవలేదులా ఉంది. నీ రాత చూడగానే కొండంత ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంతోనే ముందు నిన్ను తిట్టి తర్వాత మిగతావి రాస్తాను.

బుల్లి ఏమంటోందని అడిగావు. ఏమంటుంది? దాని మొహం! ఎనిమిదేళ్ళ పిల్లని కూర్చోబెట్టి, నీకు నేను కావాలా మీ నాన్న కావాలా అని అడగమంటావా? మీ బావ ఇల్లు కట్టాడని రాశాను కదా, అక్కడైతే సుఖపడుతుందేమో అని నీకూ ఓ మూల అనిపించినట్టుంది. అనిపిస్తే తిన్నగా రాయి. డొంకతిరుగుడు వద్దు.

సరే, అయింది. నిన్న ఉచిత ప్లీడర్ల ఆఫీసుకి వెళ్ళాను. కోర్టు వరండా చివర, నీళ్ళ కుండలు పెట్టేచోటికి పక్కన, ఒక బల్ల పట్టే గది. తలుపు మీద బోర్డు ఉంది, దానికింద తాళమూ ఉంది. చాలాసేపు నిలబడితే వచ్చాడు గుమాస్తా. ఆయనకి ఇంత లావు మీసం. నేను పెదాలు చూసి మాటలు పట్టుకుంటాను కదా, సగం మాటలు ఆ మీసంలోనే పోయాయి. పైగా తల వంచుకుని సొరుగుతో మాట్లాడతాడు. "నాకు వినపడదండీ, ఇటు తిరిగి చెప్పండి" అంటే గట్టిగా అరవడం మొదలెట్టాడు. పక్క గదిలోవాళ్ళంతా తొంగి చూశారు. వినపడనిది నాకొక్కదానికే, ఊరంతటికీ చెప్పడమెందుకు?

చివరికి ఏవో ఖాళీ గడులున్న కాగితం నా ముందుకు తోసి, అడుగున వేలు పెట్టి ఇక్కడ సంతకం అన్నాడు. నేను కలం ముట్టలేదు. మా తమ్ముడు వద్దన్నాడని చెప్పాను. ఆయన ఏదో గబగబా అన్నాడు, గోడమీది క్యాలెండరు వైపు కూడా చూపించాడు. నాకు నెల గడువుందిలెండి, నాకన్నీ తెలుసు అన్నాను. కనుబొమలు పైకెత్తి నన్నొకసారి చూసి, ఆ కాగితం సొరుగులో పడేసి, ఒక చీటీ చేతిలో పెట్టాడు. బయటికొచ్చి చూస్తే ఉచిత సలహాకి ఫోను నంబరు!

పక్కింటావిడ తన ఫోనులో చేసిపెట్టింది. నా పేరు, సంగతి అంతా చెబితే అవతలివాళ్ళు, "ఎవరి గొడవో వాళ్ళే మాట్లాడాలి, గోప్యత ఉంటుంది" అన్నారట. ఆమెకి వినపడదు మహాప్రభో అంటే, సరే ఆమెనే మాట్లాడమనండి అన్నారట. ఆవిడ ఫోను పెట్టేసి నవ్వింది, నేనూ నవ్వాను. ఏం చేస్తాం?

కోర్టు గోడ మీద ప్లీడర్ల జాబితా ఒకటి అంటించి ఉంది. సగం పేర్లు ఎండకి వెలిసిపోయాయి. కనిపించిన వాటిలో ఒకరి చిరునామాకి వెళితే అక్కడ ఫొటో స్టూడియో ఉంది. పాస్‌పోర్టు సైజా అని అడిగాడు. ఇంకొకాయన ఫీజు మాటతోనే మొదలెట్టాడు, లేచి వచ్చేశాను. అయినా పర్వాలేదు, గడువుందిగా. నిదానంగా చూస్తాను.

నీ పెద్దక్క

జూన్ 22

పెద్దక్కకి,

నీ తిట్లు క్షేమంగా అందాయి. అమ్మ పోయాక నన్నింత కమ్మగా తిట్టినవాళ్ళు లేరు.

ఒట్టు, నా మనసులో అలాంటిదేమీ లేదు. పుస్తకంలో ఉన్న ముక్కని అడిగానంతే. బుల్లి నీ పిల్ల. బావ రాజభవనం కట్టినా నీ పిల్లే. అది నా పెళ్ళిలో నీ కొంగు పట్టుకుని తిరగాలి, అందుకోసమైనా నేనొక పెళ్ళి చేసుకుంటాను.

సంతకం పెట్టకపోవడం మంచి పని చేశావు. ఖాళీ గడులున్న కాగితం మీద సంతకమా? తర్వాత ఆ గడుల్లో ఏం నింపుతారో ఎవరికి తెలుసు? నువ్వు చేసిన పని చెబితే మా వాళ్ళంతా మెచ్చుకున్నారు. మీసాలాయనకి తగిన శాస్తి జరిగింది.

మొదటి వాయిదా గురించి పుస్తకంలో మళ్ళీ చూశాను. ఆ రోజు ఏమీ తేల్చరుట. ఇద్దరూ వచ్చారా లేదా చూసి, తర్వాతి తేదీలు వేసి పంపేస్తారుట. కాబట్టి అప్పటికి ప్లీడరు దొరక్కపోయినా భయపడకు. పొద్దున్నే వెళ్ళి కూర్చో. పిలుస్తారు. లోపలికెళ్ళి, నాకు ప్లీడరు కావాలి అని ఒక్క మాట చెప్పు, చాలు.

నేనక్కడ ఉంటే నీ పక్కన కూర్చునేవాణ్ణి. ఇక్కడేమో పన్నెండంతస్తుల ఆస్పత్రి లిఫ్టు ఆగిపోయి, రోగుల్ని మెట్ల మీద మోస్తున్నారు. బాగుచేసేదాకా సెలవు మాట ఎత్తొద్దన్నారు. నీకు నా రాత తప్ప ఇంకేమీ పంపలేకపోతున్నాను. అదైనా పనికొస్తోందంటే నాకు అన్నం సయిస్తోంది.

నీ తమ్ముడు

జూలై 5

తమ్ముడూ,

వాయిదా అయింది. ప్రస్తుతానికి బుల్లి వాళ్ళ నాన్న దగ్గర ఉండాలని చెప్పారు. ఆఖరి తీర్పు కాదు. నిన్న వచ్చి తీసుకెళ్ళారు.

నువ్వు రాసినవన్నీ పనికొచ్చాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు. కోర్టు వ్యవహారాలు ఇలాగే ఉంటాయట.

కుట్టుపని చాలా ఉంది. నీ ఆరోగ్యం జాగ్రత్త.

నీ పెద్దక్క

జూలై 11

పెద్దక్కకి,

నీ ఉత్తరం కవరు తిరగేసి చూశాను, ఇంకో కాగితం లోపల ఉండిపోయిందేమోనని. నువ్వు ఇంత చిన్న ఉత్తరం నీ జన్మలో రాయలేదు. నామీద కోపమా? లేక రాయడానికి చెయ్యి ఆడలేదా? రెండోదే అయ్యుంటుంది. నాకూ ఆడడం లేదు.

అన్నీ పద్ధతి ప్రకారం చేశావు కదా. గడువు దాటలేదు, చూడకుండా సంతకాలు పెట్టలేదు, పొద్దున్నే వెళ్ళి కూర్చున్నావు. అయినా పిల్లని తీసుకెళ్ళారంటే ఆ జడ్జికి మనసనేది లేదు. ఆ మాట అరిచి చెప్పాలని ఉంది, ఎవరికి చెప్పను? పనిలో ఉండగా చేతిలోంచి పానా జారి గోతిలో పడింది. మేస్త్రి నన్ను పైకి పొమ్మన్నాడు.

ఒక్క మంచి మాట రాస్తాను. మా దగ్గర వైర్లు లాగే మేస్త్రి ఒకాయన ఉన్నాడు, మన వైపువాడే. అక్కడ వాళ్ళ చెల్లెలికి కూడా నీకొచ్చిన లాంటి కాగితమే వచ్చిందట, భర్త పిల్లాడిని ఇమ్మంటున్నాడట. ఆయన నా దగ్గరకొచ్చి గుడ్లనీళ్ళు కుక్కుకున్నాడు. నీకు పంపిన దానికి నకలు నా దగ్గరుంది కదా, మొత్తం ఆయనకిచ్చేశాను. నిన్ననే పోస్టు చేశాడు. నెల గడువుంది, ఆమెని కంగారు పడొద్దని రాయండి అని చెప్పాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇప్పుడు షెడ్డులో అందరూ నన్ను లాయరుగారూ అని పిలుస్తున్నారు. ఇంకో ఇద్దరు వాళ్ళ ఇంటి గొడవలు చెప్పి, పుస్తకంలో ఏముందో చూసి పెట్టమన్నారు. మన బుల్లి విషయంలో జరిగింది జరిగినా, నేను రాసింది నలుగురికి పనికొస్తోందని నీకు చెప్పాలనిపించింది.

నువ్వు పెద్ద ఉత్తరం రాయి. తిట్టయినా రాయి.

నీ తమ్ముడు

జూలై 16

తమ్ముడూ,

ఈ ఒక్క పేరా చదివి, ఉత్తరం మడిచి జేబులో పెట్టుకో. మీ వైర్ల మేస్త్రి ఎక్కడున్నా వెళ్ళి పట్టుకో. నువ్విచ్చిన కాగితాల్లో గడువు తప్పని చెప్పు. అది మీ రాష్ట్రం కోర్టుల గడువు. మన దగ్గర జవాబు వేయడానికి రెండు వారాలే. వాళ్ళ చెల్లెల్ని ఇవాళే కోర్టులోని ఉచిత ప్లీడర్ల గదికి వెళ్ళమని, వాళ్ళు గడుల కాగితం ఇస్తే నింపి సంతకం పెట్టమని చెప్పించు. ఉత్తరం రాయొద్దు, ఆలస్యమవుతుంది. ఆమెకి వినపడుతుంది కదా, ఫోను చేయమను. వెళ్ళు.

వెళ్ళొచ్చావా? అయితే కూర్చో.

నీకు చెప్పకూడదనుకున్నాను. మొన్న రాసిన నాలుగు ముక్కలు అందుకే అలా ఉన్నాయి. నువ్వు అంత దూరంలో, నాలుగు సాయంత్రాలు వంగి కూర్చుని రాశావు. అది తప్పని నీకెందుకు చెప్పాలి, పిల్ల ఎలాగూ వెళ్ళిపోయింది, నువ్వైనా అన్నం తిను అనుకున్నాను. కానీ ఆ తప్పు ఇంకో ఇంటికి బయలుదేరిందని నువ్వే రాశావు. ఆమె ఎవరో నాకు తెలియదు. ఆమె కూడా నాలాగే గడువుందిలెమ్మని నిదానంగా కూర్చుంటుంది. అది తలుచుకుని మిషను ఆపి కలం పట్టుకున్నాను.

వాయిదా రోజు నువ్వు చెప్పినట్టే పొద్దున్నే వెళ్ళాను. చీర కూడా ఇస్త్రీ చేసుకున్నాను. వరండాలో బెంచీ మీద, గుమ్మానికి ఎదురుగా కూర్చున్నాను. జనం వస్తున్నారు, పోతున్నారు. బంట్రోతు తలుపు దగ్గరకొచ్చి పేర్లు పిలుస్తాడట. ఆయన మెట్ల వైపు తిరిగి పిలుస్తుంటే నాకు ఆయన వీపు తప్ప ఏమీ కనిపించదు. నేను ఎదురు బెంచీలో వాళ్ళ మొహాలు చూస్తూ కూర్చున్నాను. నా పేరు పిలిస్తే ఎవరో ఒకరు అటూ ఇటూ చూస్తారు కదా, పోల్చుకోవచ్చనుకున్నాను. ఎవరూ చూడలేదు. ఎవరి గొడవ వాళ్ళది. మీ బావ, ఆయన ప్లీడరు నా ముందునుంచే లోపలికెళ్ళారు, నా ముందునుంచే బయటికొచ్చారు. నేను ఇంకా పిలవలేదనే అనుకుంటున్నాను.

వరండా ఖాళీ అయ్యాక బంట్రోతుకి నోటీసు చూపించాను. ఆయన మొహం చిన్నబుచ్చుకుని, "మూడుసార్లు పిలిచానమ్మా" అన్నాడు. పాపం, మంచివాడే. మళ్ళీ లోపలికి తీసుకెళ్ళబోయాడు కానీ జడ్జిగారు అప్పటికే లేచి వెళ్ళిపోయారు. పిలిచినా హాజరు కాలేదు, గడువులో జవాబు కూడా వేయలేదు అని రాసి, ప్రస్తుతానికి పిల్లని తండ్రి దగ్గర ఉంచమన్నారు. పిల్ల పిలిస్తే పలకలేదని మీ బావ రాశాడు. కోర్టు పిలిస్తే పలకలేదని కోర్టు రాసింది. ఇంక నేనేమని వాదించను? వరండాలో నిలబడి ఏడ్చాను. నాలుగు రోజుల పాటు ఏ పని మొదలెట్టినా ఏడుపే వచ్చింది.

గడువు సంగతి నాకు చెప్పింది కొత్తగా చేరిన ఒక లాయరమ్మాయి. కోటు పొట్టి చేయించుకోవడానికి వచ్చి, నా కళ్ళు చూసి ఏమైందని అడిగింది. నీ కాగితాలు చూపించాను. మొదటి పేజీ చదివి, "ఇది ఎక్కడి చట్టమండీ?" అంది. అప్పటిదాకా నాకు తట్టనే లేదు. నేల మారితే చట్టం మారుతుందని ఎవరికి తడుతుంది? కళ్ళజోడు తాడావిడకి తట్టింది. అందుకే ఏ ఊరని నిన్నడిగింది. నువ్వు ఆవిడకి శ్రమ ఇవ్వకూడదనుకున్నావు.

మీసాలాయన నా ముందుంచిన గడుల కాగితం కూడా ఉచిత ప్లీడరు కోసం పెట్టుకునే అర్జీయే. ఆ రోజుకి గడువు ఇంకొక్క రోజు ఉంది. ఆయన క్యాలెండరు చూపించింది అందుకే. ఆ రోజు సంతకం పెట్టి ఉంటే నా పక్కన ఒక ప్లీడరు ఉండేవాడు, పేరు పిలిస్తే ఆయనకి వినపడేది. మీసాలాయనకి తగిన శాస్తి జరిగిందని మనిద్దరం నవ్వుకున్నాం. ఇది కూడా నీకు చెప్పకపోతే మళ్ళీ ఎవరికైనా సంతకం వద్దని చెబుతావని రాస్తున్నాను, నిన్ను దెప్పడానికి కాదు.

ఆ అమ్మాయే నాతో వచ్చి ఆ అర్జీ నింపి సంతకం చేయించింది. ఉచిత ప్లీడరు ఒకాయన దొరుకుతాడట. నేను వరండాలోనే ఉన్నాను, వినపడలేదు అని చెప్పి, జరిగినదాన్ని పక్కన పెట్టి మళ్ళీ వినమని అడుగుతారట. "వింటారా?" అన్నాను. "చూద్దామండీ" అంది. ఆ మాట అంటూ బల్ల మీద ఉన్న దారపు ఉండలు సర్దింది.

ఆదివారాలు సాయంత్రం వెళ్ళి బుల్లిని చూడవచ్చని ఉంది. మొన్న వెళ్ళాను. కొత్తావిడ చెడ్డదేమీ కాదు. నాకు కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. పిల్లకి జడలు సరిగ్గా వేసింది, నాకన్నా బాగా. మీ బావ పేపరు అడ్డం పెట్టుకున్నాడు. బుల్లి నా పక్కన కూర్చుని బడి కబుర్లు చెప్పింది. మన ఇంట్లో అది ఏం చెప్పినా ముందు నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకునేది, తర్వాత నిదానంగా చెప్పేది. మొన్న మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూనే ఏదేదో చెప్పుకుపోయింది. ఆ ఇంట్లో అందరికీ వినపడుతుంది కదా, అటు తిరిగి మాట్లాడినా పలుకుతారు. పట్టుమని పది రోజులకే దానికి ఆ అలవాటొచ్చేసింది. నేను అడ్డుపడలేదు. అది ఏం చెప్పిందో నాకు తెలియదు తమ్ముడూ. ఊ, ఊ అంటూ కూర్చున్నాను.

ఇదంతా చదివాక నువ్వు ఏం చేస్తావో నాకు తెలుసు. సిగ్గుపడతావు. నాకు మొహం చూపించలేనని, రాయడానికి చెయ్యి రావడం లేదని ఉత్తరాలు మానేస్తావు. ఆ పని చేయకు. నీమీద నాకు కోపం వచ్చింది, లేదనను. ఒక రోజంతా వచ్చింది. తర్వాత పోయింది. నాకోసం లైబ్రరీ మెట్లెక్కిన వాడివి నువ్వొక్కడివే.

వెళ్ళి మీ షెడ్డులో ఆ ఇద్దరితో కూడా చెప్పు, వాళ్ళ ఊరి కోర్టులోనే అడగమని. ఇక నాకు చట్టం సంగతులు వద్దు. నువ్వేం తిన్నావో, ఎవరితో పోట్లాడావో, మేస్త్రి ఏమన్నాడో రాయి. ఇంట్లో నాతో నావైపు తిరిగి మాట్లాడేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. వారానికొకటి రాయి.

నీ పెద్దక్క